వాకిట్లో ఆవు, చెట్టు కింద మనిషి

ఆవు వచ్చి నాలుగు రోజులైంది. ఎడీసా అత్త వచ్చి కూడా నాలుగు రోజులే. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తింటున్నారో చెప్పడం మర్యాద కాదు గనక చెప్పను. ఆవు మాత్రం నా క్యాబేజీ మడి పూర్తిచేసి, బుధవారం పొద్దుటికి అరటి పిలకల దాకా వచ్చింది.

మా ఆయన కటురేబే గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. లోపల కూర్చుంటే అత్తకి ఎదురుపడాలి. వాకిట్లోకి దిగితే ఆవుకి ఎదురుపడాలి. సొంత ఇంట్లో ఆ మనిషికి మిగిలింది గుమ్మం ఒక్కటే.

"అల్లుడుగారూ, బిహోగో మిమ్మల్నే చూస్తోంది. పలకరించరా?" అంది అత్త.

మా నాన్నకి అక్క ఆవిడ. మా వైపు పెళ్ళిళ్ళు కుదిర్చేదీ మేనత్తే, కుదిర్చినవి బీటలిస్తే అతికేదీ మేనత్తే. రెండో పనికి ఎక్కువ రోజులు పడుతుందని సంచీలో ఆరు జతల బట్టలు తెచ్చుకుంది.

ఆయన ఆవుని పలకరించలేదు. పదకొండేళ్ళ కిందట నన్ను చేసుకోడానికి ఈయన మా నాన్నకి ఓలిగా ఇచ్చిన ఎనిమిది ఆవుల్లో అన్నిటికంటే ముందు నడిచింది ఈ బిహోగోయే. ముదురెరుపు ఒళ్ళు, బారెడు కొమ్ములు. అప్పుడు పడుచుది, ఇప్పుడు నాలాగే కాస్త ఒళ్ళు చేసింది. ఓలి ఆవుని మామగారు వెనక్కి తోలాడంటే దాని అర్థమేమిటో మా వైపు పాలు మరిచిన పిల్లలకి కూడా తెలుసు. ఎనిమిదీ తిరిగొస్తే పెళ్ళి తెగినట్టు. ఒక్కటే వస్తే, మిగతా ఏడూ బయల్దేరడానికి కాళ్ళు సవరించుకుంటున్నట్టు.

ఇంతకీ పోయిన శనివారం పాలకేంద్రంలో జరిగింది ఒక్క నిమిషం పని. అక్కడ పాలు పరీక్ష చేసేది మా ఆయన. క్యాన్‌లోంచి ఒక గరిటెడు తీసి స్పిరిట్ కలుపుతాడు. విరిగితే ఆ క్యాన్‌లో నీలిరంగు పోస్తాడు, ఇంకెక్కడా అమ్మకుండా. రెండువందల పదిహేడో క్యాన్ విరిగింది. రంగు పోశాడు. "పక్కకి జరగండి. తర్వాత," అన్నాడు.

ఆ పక్కకి జరగాల్సిన మనిషి మా నాన్న.

రోజూ పాలు మోసే మనిషికి జ్వరమొస్తే తనే వచ్చాడు. తెల్లవారకముందే వరసలో నిలబడి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి బల్ల దగ్గరికి చేరాడు. చేరగానే టోపీ తీశాడు, కర్ర ఎడమచేతికి మార్చుకున్నాడు, నిలబడ్డాడు. ముందు పలకరించాల్సింది అల్లుడు కదా. పలకరింపు రాలేదు. నీలిరంగు వచ్చింది.

ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఆ పాలు బావున్నాయి. అన్ని గంటలు ఎండలో నిలబడ్డాక బాలేవు. పరీక్ష చేసిన మనిషి తప్పు చెప్పలేదు, పాలూ అబద్ధమాడలేదు. మా ఆయన చేసిందల్లా తల ఎత్తకపోవడం. రెండువందల పదహారు క్యాన్లకి ఎత్తని తల పదిహేడోదానికి ఎందుకెత్తుతాడని నాకనిపిస్తుంది. మా నాన్నకి అనిపించదు. నీలిపాలు నెత్తిన పెట్టుకుని, నడిబజారు మీదుగా కొండ దాటి ఇంటికెళ్ళిన మనిషికి అలా అనిపించాలని అడగడం కూడా బాగుండదు.

పెద్ద మాట మోసుకొచ్చిన మనిషి వచ్చీ రాగానే చెప్పేయకూడదట. అత్త మూడు రోజులు తిని, నాలుగో పొద్దున టీ అయ్యాక చెప్పింది.

శనివారం తెల్లవారుజామున నాన్న క్యాన్ పట్టుకుని పాలకేంద్రానికి వస్తాడు. వరసలోకి మాత్రం రాడు. షెడ్డు వెనకున్న అవకాడో చెట్టు కిందికి వస్తాడు. అల్లుడు కూడా అక్కడికే రావాలి, ఇదివరకట్లాగా. పాలు బావుంటే బావున్నాయని చెప్పాలి. బాగాలేకపోతే చెవిలో చెప్పాలి. ఏ మాట చెప్పినా సరే, నాన్న బిహోగోని తోలుకుపోతాడు.

"రాకపోతేనో?" అన్నాడు మా ఆయన గ్లాసులోకి చూస్తూ.

"మయెంజే కూడా వస్తుంది. చుక్కలావు, గుర్తుందిగా. మా పిల్ల క్యాబేజీలైతే అయిపోయాయి, అది ఏం తింటుందో మరి."

"కుదరదత్తా."

"ఎందుకు కుదరదు?"

"మామగారి పాలు చెట్టు కింద చూసి, మిగతా మూడువందల మందివీ బల్ల దగ్గర చూస్తే ఏమంటారు? నీకు పిల్లనివ్వకపోవడం మా తప్పా అని అడగరూ?"

"అందరివీ చెట్టు కిందే చూడండి. ఇదివరకు చూసేవారుగా."

"ఇదివరకు నలభై క్యాన్లు."

గ్లాసు గుమ్మం పక్కన పెట్టి, ఆవు చుట్టూ తిరిగి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆయన పేరుకి మా భాషలో 'చూద్దాం' అని అర్థం. ఆ మాటైనా అనలేదని అత్తకి కోపం వచ్చింది.

*

ఆ చెట్టు సంగతి కొంచెం చెప్పాలి. మా పెళ్ళికి అసలు మధ్యవర్తి అత్త కాదు, అవకాడో చెట్టే.

మా ఆయన పాలకేంద్రంలో చేరిన కొత్తలో ఒక ముసలావిడ క్యాన్‌లో రంగు పోయాల్సి వచ్చింది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. పైబట్ట తీసి క్యాన్ మీద కప్పుకుని వెళ్ళిపోయింది. మాకు పాలు ఒలకబోయడమే పాపం. రంగు పోయడమంటే ఇక దానికి పేరు లేదు. మర్నాటి నుంచి ఆయన పని వేళకి గంట ముందే వెళ్ళడం మొదలుపెట్టాడు. కోటు జేబుల నిండా ఖాళీ దగ్గుమందు సీసాలు. పాల మీద అనుమానమున్న వాళ్ళు చెట్టు కిందికి వచ్చేవాళ్ళు. ఒక సీసాలో కాసిని పాలు, కాస్త స్పిరిట్, వెలుతురుకి ఎత్తి చూడటం. బాగాలేకపోతే చెవిలో ఒక మాట.

ఆ మాట విన్న మనిషి నుదురు కొట్టుకుని, "అరే, మూత మర్చిపోయి వచ్చాను," అని పైకి అనేవాడు. క్యాన్ ఎత్తుకుని ఇంటికిపోయి ఆ పాలతో నెయ్యి చేసుకునేవాడు. మా ఊళ్ళో వారానికి ఐదారుగురు మూతలు మర్చిపోయేవారు. మతిమరుపు ఊరని పక్క ఊరివాళ్ళు నవ్వేవారు. నవ్వనీ అని ఊరుకున్నారు అందరూ.

ఎవరూ చెయ్యమని చెప్పిన పని కాదది. అందుకు పైసా ఎక్కువిచ్చిందీ లేదు. అయినా ఆయన అక్కడితో ఆగలేదు. సాయంత్రాలు వాళ్ళ ఇళ్ళకెళ్ళి ఏ ఆవు పొదుగు వేడిగా ఉందో చూసేవాడు. ట్యాంకులు కడిగే వంతు ఇంకొకరికిచ్చి, వాళ్ళకి చిరాకైన పట్టీలు రాసే పని తను తీసుకున్నాడు. ఒకరోజు మా నాన్న కూడా మూత మర్చిపోయాడు. ఇంటికొస్తూనే అక్కని పిలిచి, ఆ కుర్రాడిది ఏ వంశమో కనుక్కోమన్నాడు.

పెళ్ళైన కొత్తలో మా ఆయన అన్నం దగ్గర కూడా పాల గురించే మాట్లాడేవాడు. ఏ కొండ గడ్డికి ఎంత వెన్న, ఎవరి ఆవు ఎందుకు అలిగింది. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగు కోసం మొహం వాచి ఉన్నాను.

తర్వాత కంపాలా నుంచి పెద్ద కొనుగోలుదారు వచ్చాడు. నలభై క్యాన్లు నూట ఇరవై అయ్యాయి, నూట ఇరవై కాస్తా మూడువందలైంది. పరీక్ష చేసే నలుగురు ఇద్దరయ్యారు, మా ఆయనా, ముగరూరా అనే ఇంకొకాయనా. చెట్టు కింది గంట గంటన్నరైంది, రెండు గంటలైంది. కోడికంటే ముందు లేచి వెళ్ళేవాడు. ఆర్నెల్ల కిందట మానేశాడు.

"ఎందుకు మానేశాడే?" అని అత్త బుధవారం మధ్యాహ్నం నన్నడిగింది.

బీన్స్ ఏరుతున్నాను. అందులో ఇంత రాయి కనబడింది. ఆ రాయి గురించి చాలాసేపు మాట్లాడాను.

*

ఆ సాయంత్రం ఉతకడానికి చొక్కా తీస్తే జేబులో మడిచిన కాయితం దొరికింది. పెద్దాఫీసు నుంచి వచ్చింది. ఉద్యోగులు తమ పనిని తామే మెరుగ్గా మలుచుకోవాలట. మూడు ప్రశ్నలు. మీ పనిలో ఏది మార్చాలి, కొత్తగా ఏది కలపాలి, అందుకు ఏ సాయం కావాలి. మూడింటి కిందా క్యాన్ల నంబర్లు రాసుకునే పెన్సిలుతోనే రాశాడు: ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు.

రాగిముద్ద ముందు పెట్టి అడిగాను. "చెట్టు సంగతి రాయచ్చుగా?"

"రాసి?"

"అడిగారు కదా వాళ్ళు."

ముద్ద చిదుపుతూ కూర్చున్నాడు. అత్త చెవులు పక్కగదిలో ఉన్నా గోడకి ఇవతలే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

"మునిగేవాణ్ణి పిలిచి, ఈత ఎలా కొడితే బావుంటుందో రాసిమ్మన్నట్టుంది," అన్నాడు చివరికి. "ఓపికున్న రోజుల్లో ఎవరూ అడగలేదు. అడక్కుండానే చేశాను. ఇప్పుడు అడుగుతున్నారు. మార్చాలన్నా లోపల కాస్త మిగలాలి కదా, కొముహాంగీ."

సగం ముద్ద తిని, కూర్చున్న చోటే కళ్ళు మూసుకున్నాడు.

అక్కడితో ఊరుకుని ఉండాల్సింది. మంచి భార్యలు ఊరుకుంటారు. నేను కాలేజీలో గృహశాస్త్రం చదువుకున్నదాన్ని.

పొద్దున ఆయన వెళ్ళాక రబ్బరు తీసుకుని 'ఏమీ లేదు'లు మూడూ చెరిపేశాను. మొగుడి చేతిరాత ఏ కాలేజీలోనూ నేర్పరు, అది నా స్వయంకృషి. పిల్లల బడి కాయితాల మీద ఐదారేళ్ళుగా ఆయన సంతకాలు నావే. ఒకటి, అందరి ఎదుటా రంగు పోయడం తగ్గాలి. రెండు, పని వేళకి గంట ముందు అవకాడో చెట్టు కింద తొలి పరీక్ష ఉండాలి. మూడో జవాబు కాయితం వెనకవైపు రాయాల్సి వచ్చింది, చోటు చాలక: ఇందుకు మునుపటిలా నలుగురు మనుషులు కావాలి, ఇద్దరితో కాదు.

రాశాక చదువుకున్నాను. ఆయనే రాసినట్టుంది. ఎనిమిదేళ్ళ కిందటి ఆయన.

*

గురువారం మధ్యాహ్నం భోజనం క్యారియర్ పట్టుకుని పాలకేంద్రానికి వెళ్ళాను. ముందు మేనేజరు బరిగ్యే గదిలోకి వెళ్ళి కాయితం ఇచ్చాను. మా ఆయన పంపారన్నాను. బరిగ్యే మంచివాడే. ఎదురుగా ఉన్నదాంట్లో తనకి పనికొచ్చేది మాత్రమే కనబడే కళ్ళు ఆయనవి. మొదటి పక్క చదివి, ఎంత మంచి ఆలోచనమ్మా, అన్నాడు.

"వెనక కూడా ఉంది," అన్నాను.

చూస్తానన్నాడు. ఫోను మోగింది.

బయటికొస్తే వరస రోడ్డు దాకా ఉంది. బోడాలనే అద్దె మోటారుసైకిళ్ళ మీద క్యాన్లు, సైకిళ్ళ మీద క్యాన్లు, నెత్తిన క్యాన్లు. బల్ల వెనక మా ఆయన. తల కనబడుతోంది, మొహం కనబడటం లేదు. గరిటె, సీసా, నంబరు, తర్వాత. గరిటె, సీసా, నంబరు, తర్వాత. నాకేం పుట్టిందో, వెళ్ళి వరసలో నిలబడ్డాను. నా ముందావిడ నా క్యారియర్ వంక చూసి, మీ ఆవు చిన్నదా, అని అడిగింది.

నా వంతు వచ్చింది. క్యారియర్ బల్ల మీద పెట్టాను.

"మూత తీయండి," అన్నాడు, గరిటె ముందుకి చాపుతూ.

తీశాను. గరిటె ముద్ద మీద ఆగింది.

"రాగిముద్దండీ," అన్నాను. "విరిగిందేమో చూడండి."

వరసంతా నవ్వింది. ముగరూరా పక్క బల్ల మీద తల వాల్చి నవ్వాడు. మా ఆయన తల ఎత్తాడు. సీసాని వెలుతురుకి ఎత్తి చూసినట్టు నన్ను చూశాడు, అంతసేపు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా వెనకున్న మనిషిని చూశాడు, ఆ వెనకున్న మనిషిని చూశాడు. ఆ తర్వాత గరిటె కడిగి, మెల్లగా, "వెళ్ళు," అన్నాడు నాతో.

కోపమొచ్చిందేమో అనుకుంటూ ఇంటికొచ్చాను. అది కోపం కాదని తెలియడానికి ఒక రోజు పట్టింది.

*

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికే ఇంటికొచ్చాడు. ఎప్పుడూ రాని వేళ. గుమ్మంలో ఆగలేదు. లోపలికొచ్చి అత్త ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి కాయితం తీసి నాకిచ్చాడు.

"చదువు. అత్త కూడా వింటుంది."

చదివాను. కటురేబే సూచనని యాజమాన్యం సంతోషంతో ఆమోదిస్తోంది. సోమవారం నుంచి రోజూ తెల్లవారుజామున ఐదింటికి చెట్టు కింద తొలి పరీక్ష ఆయన తప్పనిసరిగా చేయాలి. తొలి పరీక్ష ఉంటుంది కాబట్టి బల్ల దగ్గర ఇద్దరు అవసరం లేదు. ముగరూరాని వేరే కేంద్రానికి పంపుతున్నాం.

మళ్ళీ చదివాను. కాయితం తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు.

"నా రాతలాగే ఉంది," అన్నాడు. "ఒక్క అక్షరం దగ్గర కూడా తప్పు పోలేదు."

"వెనకవైపు చూడమని చెప్పానండీ. నలుగురు కావాలని రాశాను."

"చూసుండడు."

"వెళ్ళి అడుగుతాను."

"ఏమని? మా ఆయన రాయలేదు, నేనే దొంగరాత రాశానని చెప్తావా?"

అరిచి ఉంటే బావుండేది. అరుపుకి జవాబుంటుంది. ఆయన గోడ మీది క్యాలెండరుకి చెప్తున్నట్టు మాట్లాడాడు.

"నిన్న నువ్వు వెళ్ళాక ముగరూరాని అడిగాను. శనివారం చెట్టు దగ్గర ఆలస్యమైతే ఒక్క గంట బల్ల చూసుకోమని. సరేనన్నాడు. నాకు వెళ్ళాలనిపించింది. ఎన్నాళ్ళకో అనిపించింది. మామగారి కోసం కాదు. ఆవు కోసం కూడా కాదు. వరసలో వాళ్ళకి మొహాలున్నాయి, నిన్న చూశాను. రేపు నేను చెట్టు కిందికి వెళ్తే అది నా ఇష్టం. సోమవారం వెళ్తే ఉత్తరువు. ఒక్కణ్ణి, మూడువందల క్యాన్లు, పైన ఇది."

ఆవు బయట అరటాకు చింపుతున్న చప్పుడు వినబడుతోంది.

"సీసాలు ఇలా ఇవ్వు," అన్నాడు.

"ఏ సీసాలు?"

"నువ్వు దాచినవే."

తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ తెలుసు. లేచి, స్టూలు వేసుకుని, బీరువా మీద పెద్ద పళ్ళెం వెనక నుంచి బిస్కెట్ డబ్బా దింపాను. పన్నెండు దగ్గుమందు సీసాలు, గుడ్డలో చుట్టి. అత్త చూపు డబ్బా మీంచి నా మీదికి వచ్చి అక్కడే నిలిచింది.

"అయితే మానేసింది ఇతను కాదన్నమాట," అంది.

ఇక బీన్స్‌లో రాళ్ళు లేవు. చెప్పాను. ఆర్నెల్ల కిందట ఒక పొద్దున సైకిలు మీద నిద్రపోయి కల్వర్టులో పడ్డాడు. మోచేయి కట్టు కడుతూ నేనే అన్నాను, ఊరివాళ్ళ పరువు ఊరివాళ్ళు చూసుకుంటారు, మీరు పడుకోండని. ఆయన వినడని సీసాలు తీసి దాచాను. రెండు రోజులు వెతికాడు. మూడోరోజు వెతకలేదు. అడిగి ఉంటే ఇచ్చేసేదాన్నేమో. అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఆయన నిద్రపోతున్నాడు కదా అని సంతోషించాను. ఆయనలో ఇంకేం నిద్రపోయిందో చూసుకోలేదు.

"మీ నాన్నకి చెప్పావా?"

"లేదు."

"నాలుగు రోజుల నుంచి ఈ మనిషిని నేను ఆవు ముందు నిలబెట్టి మాటలంటుంటే వింటూ కూర్చున్నావు."

"ఆరు రోజులత్తా," అన్నాను. లెక్కలో తప్పు నాకు పడదు. అక్కడ నవ్వాల్సింది ఎవరూ నవ్వలేదు.

అత్త సంచీ సర్దుకుంది. ఆరు జతల్లో రెండు ఇంకా ఆరలేదు, తడివే పెట్టుకుంది. మీ పెళ్ళికి గొడుగు పట్టింది నేనే, అని ఒక్క మాట అనేసి, గొడుగు తీసుకుని బోడా ఎక్కింది.

*

శనివారం ఇంకా వెలుగు రాకముందే మా ఆయన కోటు వేసుకున్నాడు. సీసాలు రాత్రి భోజనం కాగానే తనే కడుక్కుని బోర్లించాడు, నన్ను కడగనివ్వలేదు. ఒక్కోటీ జేబుల్లో సర్దుకున్నాడు. నడిస్తే గలగలమన్నాయి. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళైందో లెక్కపెట్టబోయి మానేశాను.

వాకిట్లో బిహోగో దగ్గర ఆగాడు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి దాని నుదుటి మీద చెయ్యి వేశాడు.

"సోమవారం సంగతి ఏం చేస్తారు?" అనడిగాను.

"ఇవాళ శనివారం," అన్నాడు.

ఆయన వెళ్ళాక వాకిలి ఊడ్చాను. వెలుగొచ్చింది. ఈపాటికి నాన్న చెట్టు దగ్గరికి చేరుంటాడు, టోపీ తీసుంటాడు, ఈయన ముందే పలకరించుంటాడు, అనుకుంటూ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను.

గేటు దగ్గర గిట్టల చప్పుడైంది.

చుక్కల మయెంజే. దాని తాడు పట్టుకుని మా నాన్న. వెనక గొడుగుతో ఎడీసా అత్త. నాన్న చేతిలో క్యాన్ లేదు.

"నాన్నా, ఆయన చెట్టు దగ్గరున్నారు. నీ కోసమే వెళ్ళారు," అన్నాను.

"తెలుసు. దారిలో చూశాను. టార్చి వెలుగుతోంది."

"మరి క్యాన్ ఏది?"

"ఇవాళ పాలు చూపించడానికి రాలేదు." మా నాన్న అరవడు. పశువుల్ని కాసినవాళ్ళకి అరవాల్సిన పనుండదు. "మొన్నటి ఆవుని అతని తప్పుకి తోలాను. ఇది మన తప్పుకి. మన పిల్లలో లోపముంటే మనమే ఆవుని తోలుకెళ్ళి ఇచ్చుకోవాలి. అతను పుచ్చుకుంటే సరేనన్నట్టు. పుచ్చుకోకపోతే ఆవునీ నిన్నూ కలిపి ఇంటికి తీసుకుపోతాను."

"ఆయన కల్వర్టులో పడ్డారు నాన్నా. చచ్చిపోతారనుకున్నాను."

"అనుకుని ఉంటే నా దగ్గరికి రావాలి. మేనేజరు దగ్గరికెళ్ళి మనుషుల్ని ఇమ్మని అడగడానికి నలుగురు పెద్దల్ని పంపేవాణ్ణి. నువ్వు సీసాలు దాచావు. నేను ఎవర్ని చూసి పిల్లనిచ్చానో, ఆ మనిషిని బీరువా మీద పెట్టావు."

అత్త వంక చూశాను. గొడుగు ముడిచి గుమ్మంలో కూర్చుంటోంది. తాడు నా చేతిలో పెట్టి, నాన్న ముందు నడిచాడు. బిహోగో మమ్మల్ని చూసి ఒకసారి అంబా అంది.

చెట్టు కిందికి వెళ్ళేసరికి అక్కడున్నది మా ఆయన ఒక్కడే కాదు. ఎవరు చూశారో, ఎవరు ఎవరికి చెప్పారో, క్యాన్లతో ఒక చిన్న వరస నిలబడి ఉంది. ఒకావిడ నుదురు కొట్టుకుంటూ, అయ్యో మూత మర్చిపోయానని మాకు ఎదురొచ్చింది. ఆవిడ క్యాన్ మీద మూత ఉంది.

మా ఆయన సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు. దించాడు. తల ఎత్తాడు. నాన్నని చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలోని తాడు చూశాడు, తాడు చివరున్న మయెంజేని చూశాడు. సీసా పట్టుకునే రెండడుగులు ముందుకి వచ్చి, నాన్నకి వంగి నమస్కారం చేశాడు.

నాన్న టోపీ తీశాడు. ఆగమని చేత్తో సైగ చేసి, వరస చివరికి నడిచి, ఖాళీ చేతులతో నిలబడ్డాడు. చెప్పాల్సింది చెవిలో చెప్పాల్సిన మాటేనని, వంతు వచ్చేదాకా ఉంటానని ఆ నిలబడటంలోనే తెలిసిపోయింది.

నేను నాన్న వెనక నిలబడ్డాను, ఆవుతో. మా ముందు తొమ్మిది మంది ఉన్నారు.